చిన్న అంకె - ఘాటు మందు

కొందరు పిల్లలకు బుగ్గల మీద, మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎండిపోయి ఎర్రబడుతుంది. ఒకటే దురద. రాత్రిళ్లు గోకి గోకి రక్తం వస్తుంది. బిడ్డకూ నిద్ర ఉండదు, తల్లికీ ఉండదు. దీన్ని డాక్టర్లు ఎగ్జిమా అంటారు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఆ బిడ్డతో మిగతా పిల్లలు ఆడుకోవచ్చు, కలిసి పడుకోవచ్చు.

దీనికి స్టెరాయిడ్ క్రీము ఇస్తారు. అది దురదను, ఎరుపును తగ్గిస్తుంది. ఈ క్రీముల్లో చాలా రకాలున్నాయి. ట్యూబులు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. బలం మాత్రం ఒకటి కాదు.

హైడ్రోకార్టిసోన్ 1 శాతం తక్కువ ఘాటు మందు. పసిపిల్లలకు, ముఖానికి ఎక్కువగా ఇదే ఇస్తారు. బీటామెథాసోన్ 0.1 శాతం ఘాటు మందు. క్లోబెటసాల్ 0.05 శాతం ఈ మూడింట్లో అన్నిటికన్నా ఘాటు.

అంకెలు చదివారు కదా! 1 పెద్దది, 0.05 చిన్నది. మరి చిన్న అంకె ఉన్న మందు ఎక్కువ ఘాటు ఎలా అయింది? బజ్జీ మిరపకాయ ఎంతో లావుంటుంది, కారం ఉండదు. గుంటూరు మిరపకాయ సన్నగా ఉంటుంది, నోరు మండిస్తుంది. మందులూ అంతే. అంకె ఒక్కటే చూస్తే చాలదు, పేరు చూడాలి. పేరు ఇంగ్లీషులో ఉంటుంది. మందుల షాపతన్ని చదివి చెప్పమనండి. తెలుగులో రాసివ్వమనండి. మొహమాటం దేనికి? డబ్బు మనది, బిడ్డ మనది.

ఘాటు క్రీము వారాల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. లోపలి సన్న నరాలు ఎర్రగా బయటికి కనిపిస్తాయి. మందు చర్మం నుంచి ఒంట్లోకీ దిగుతుంది. బిడ్డ ఎదుగుదల కూడా తగ్గవచ్చు. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. పక్కింటి పిల్లకు తగ్గిందని ఆ ట్యూబు తెచ్చి పూయకండి. ఆ మచ్చ గుండ్రంగా పాకే తామర అయితే స్టెరాయిడ్‌తో ఇంకా ముదురుతుంది.

స్టెరాయిడ్ అనగానే హడలిపోయి, డాక్టరు ఇచ్చిన మందు కూడా మానేసే తల్లులున్నారు. అదీ సరికాదు. చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు పూస్తే మేలే చేస్తుంది. ఎంత పూయాలి? మన చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా క్రీము పిండండి. అది మన రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది.

స్నానం కాగానే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే, కొబ్బరినూనె గానీ వాజెలిన్ గానీ రోజూ పూయండి. నలుగు పెట్టి రుద్దకండి. పుండు చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాడుతున్న ట్యూబు కూడా వెంట తీసుకెళ్లండి.