చుట్టాల కోసం నీళ్ళు చిమ్మే చేప!

'మోనోంకల్' చూశారా? మన భాషలో చెప్పాలంటే 'మా మావయ్య' అన్నమాట. ఫ్రెంచి హాస్యనటుడు, దర్శకుడు జాక్ తతీ 1958లో అందించిన రంగుల చిత్రం. ఆ యేడు కాన్ ఉత్సవంలో ప్రత్యేక బహుమతి, మరుసటి యేడు ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కారు కొట్టేసింది. హీరో ఎవరంటే తతీ వేసిన యూలో పాత్రే అంటారంతా. నన్నడిగితే మాత్రం, ముంగిట్లో నిటారుగా నిలబడి నోటితో నీళ్ళు చిమ్మే లోహపు చేపకి సగం వాటా యివ్వాల్సిందే!

ఆర్పెల్ దంపతులది అత్యాధునికమైన యిల్లు. గేటు గంట మోగగానే ఇల్లాలు పరుగున వచ్చి మీట నొక్కుతుంది. చేప నోట్లోంచి నీళ్ళు జివ్వున లేస్తాయి. ఆ తర్వాతే తలుపు! వచ్చింది గొప్పింటివాళ్ళయితే సరే. తోడబుట్టిన యూలో అయితేనో? టక్కున కట్టేస్తుంది. కాలిబాట చూడబోతే పాములా వంకర్లు. చేతులు చాచి ఎదురొచ్చే ఇద్దరు స్త్రీలు ఆ వంకర్ల పుణ్యమా అని ఒకరు తూర్పుకీ ఒకరు పడమటికీ తిరిగి పలకరించుకుంటూ వుంటారు. ఓ విందు వేళ భూమిలోని గొట్టానికి చిల్లుపడి నీళ్ళు రాకూడని చోట పొంగుకొస్తాయి. ఇంతకీ ఆ యింటి పిల్లాడికి అక్కడ ఆడుకునే వీలే లేదు. మేనమామతో పాతపేట వీధుల్లోకి వెళితేనే వాడికి ప్రాణం లేచొస్తుంది.

ఆ యిల్లు నిజమైంది కాదు లెండి. తతీ, చిత్రకారుడు జాక్ లగ్రాంజ్ కలిసి దిద్దితే, నీస్ నగరంలోని విక్టొరీన్ స్టూడియోలో వేసిన సెట్టు. షూటింగయ్యాక తీసేశారు. సెట్టుకి ఆ సుఖం వుంది. ఇల్లు కట్టుకున్నవాడికి లేదు!

మన సినిమా బంగళాలు మనకి తెలియనివా? గేటు తీయగానే గుండ్రటి ఫౌంటెను, దాన్ని చుట్టొచ్చి పోర్టికోలో ఆగే కారు. కెమెరా నాలుగు క్షణాలు చూసి లోపలికెళ్ళిపోతుంది. డ్యూయెట్లకి పేరుపడ్డ మైసూరు బృందావన్ గార్డెన్స్ సంగతి వేరు. అక్కడి నీటిసొగసుల వెనకాల కృష్ణరాజసాగరం వుంది, కావేరమ్మ వుంది. మన యింటి వెనకాల వుండేది బోరు, వేసవిలో ట్యాంకరు!

హైదరాబాదులో ఇల్లు కట్టుకుంటున్న మిత్రుడొకాయన, సినిమావాళ్ళ మధ్య తిరుగుతాను గనక నన్ను పట్టుకున్నాడు. "గేటు దగ్గర మాంచి ఫౌంటెను పెడదామనుకుంటున్నాను. డిజైను చెప్పు గురూ!" నేను నోరు తెరిచేలోగా వాళ్ళమ్మగారే అందుకున్నారు: "చూసేవాళ్ళు వీధిలో, దోమలు ఇంట్లోనా నాయనా?"

పెద్దావిడ మాటలో శాస్త్రం వుంది. డెంగ్యూ తెచ్చే దోమకి నిలవనీరు చాలు. మన వేడికి గుడ్డు దోమయ్యేందుకు వారం, పదిరోజులు పడుతుంది. ఆ గుడ్లు తొట్టి గోడకి అంటుకుని, నీళ్ళు ఎండిపోయినా చావవు. అందుకే ఒంపేస్తే చాలదు, వారానికోసారి గోడలు తోమాలి. అతిథులొస్తేనే తిప్పే ఫౌంటెనంటే మిగతా రోజుల్లో దోమల పురిటిగదే!

మన మండువా లోగిళ్ళు కట్టినవాళ్ళకి యీ కిటుకు బాగా తెలుసు. నాలుగువైపుల చూర్లూ లోపలికే వాలి వుంటాయి. వానొస్తే నీళ్ళు నట్టింటి వాకిట్లో నాలుగు ధారలై పడి, తూములోంచి బయటికెళ్ళిపోతాయి. గదుల ముందున్న వసారాలో కూర్చున్నవాళ్ళదే ఆ వేడుక. వీధిలో పోయేవాడికి కనబడను కూడా కనబడదు. పంపూ లేదు, కరెంటు బిల్లూ లేదు!

మిత్రుడికి నేను చెప్పిందీ అదే. ముందు అమ్మగారు సాయంత్రం ఎక్కడ కూర్చుంటారో చూడు, నీళ్ళు అక్కడికి రావాలి. వెనక వసారా పక్కన, మధ్యాహ్నం ఎండ తగలని చోట ఓ రాతి తొట్టి చాలు. రెండు కలువ దుంపలు వేస్తే ఆకులు సగం నీటిని కప్పి పాచిని అదుపులో పెడతాయి. గప్పీ చేపలు దోమపిల్లల్ని తినేస్తాయి. ధార కావాలంటే చిన్న పంపు పెట్టి అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిప్పుకోవచ్చు. అడుగు ఎత్తునుంచి పడితే చాలు, చెవికి ఇంపుగా వుంటుంది. ఆరడుగుల నుంచి దూకిస్తే గాలికి సగం నీళ్ళు గోడపాలు! పసివాళ్ళున్న ఇంట్లో తొట్టిమీద ఇనుప జాలీ తప్పదు. జానెడు నీళ్ళయినా ప్రమాదమే. నేలంతా సిమెంటు చేసెయ్యకుండా నాపరాళ్ళ మధ్య సందులొదిలితే వాననీరు కాస్తయినా భూమిలోకి ఇంకుతుంది. నీడకి వేప వుంటే అంతకన్నానా!

అంతా విని "బాగానే వుంది గానీ, గేటు దగ్గర ఏమీ లేకపోతే బోసిగా వుండదూ?" అన్నాడు మిత్రుడు. పోయినవారం వెళ్ళి చూశాను. వెనక వసారా పక్కకి రాతి తొట్టి వచ్చేసింది. కలువలింకా వెయ్యలేదు. గేటు దగ్గర గుంట మాత్రం పూడ్చలేదు. అమ్మగారు అందులో నందివర్ధనం నాటిస్తానంటున్నారు. అబ్బాయి తాపీమేస్త్రీకి ఇంకా ఏమీ చెప్పలేదట!