పాత నడత మారితేనే ‘కొత్త పుట’

జహీరాబాద్‌: ఆంగ్ల పరీక్షలో ‘ఈ జాతీయాలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి’ అన్న ప్రశ్న కనిపించగానే తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి కలం తరచుగా ఆగిపోతుంది. అర్థం బట్టీపట్టినా, ఎక్కడ వాడాలో తెలియకపోవడమే దీనికి కారణం. మార్పును సూచించే ఆంగ్ల జాతీయాల్లో బాగా ప్రచారంలో ఉన్న ‘టర్న్‌ ఓవర్‌ ఎ న్యూ లీఫ్‌’ ఇందుకు చక్కటి ఉదాహరణ. ‘మారడం’ అని ఒక్క మాటలో అర్థం రాసుకున్న విద్యార్థి దాన్ని ప్రతి మార్పుకూ తగిలిస్తాడు. పరీక్షలో ఒక మార్కు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఉద్యోగ దరఖాస్తులో ఇదే పొరపాటు దొర్లితే తనపై తానే నింద వేసుకున్నట్లవుతుంది.

చెట్టు ఆకు కాదు

ఈ జాతీయంలోని ‘లీఫ్‌’ను చాలామంది చెట్టు ఆకుగా భావిస్తారు. ఉగాదికి మోడు చిగురించినట్లు జీవితం చిగురించడమని ఊహించుకుంటారు. ఊహ అందంగానే ఉన్నా అర్థం అది కాదు. ఇక్కడ ‘లీఫ్‌’ అంటే పుస్తకంలోని కాగితం. రాతలతో, కొట్టివేతలతో నిండిన పుటను అవతలికి తిప్పి, ఏమీ రాయని పుటపై మళ్లీ మొదలుపెట్టడమే దీని భావం. ఆంగ్లంలో 16వ శతాబ్ది నుంచీ ఈ ప్రయోగం ఉంది.

ఆకును, కాగితాన్ని ఒకే మాటతో చెప్పడం మనకు కొత్త కాదు. ‘పత్రం’ అంటే ఆకు. దస్తావేజు కూడా పత్రమే. తాటాకులపై గంటంతో రాసిన కాలంలో పుస్తకంలో ఉన్నవన్నీ ఆకులే. జహీరాబాద్‌ ప్రాంతంలో తెలుగుతో పాటు వినిపించే ఇతర భాషల్లోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. మరాఠీలో ‘పాన్‌’ అంటే ఆకు, పుట కూడా. ఉర్దూలో పుస్తకపు కాగితాన్ని తెలిపే ‘వరఖ్‌’కు మూలమైన అరబ్బీ పదానికి ఆకు అనే అర్థం ఉంది. కన్నడంలో ‘ఓలె’ తాటాకునూ, ఉత్తరాన్నీ సూచిస్తుంది. కాబట్టి ఈ ఆంగ్ల జాతీయం వెనకనున్న ఊహ సరిహద్దు పట్టణపు విద్యార్థికి బొత్తిగా పరాయిది కాదు.

తప్పు ఉన్నచోటే ప్రయోగం

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఈ జాతీయం కేవలం మార్పును చెప్పదు. పాత నడవడి బాగోలేదన్న తీర్పును కూడా మోసుకొస్తుంది. జూదం మానినవాడు, తాగుడు వదిలినవాడు, బడి ఎగ్గొట్టడం మానుకున్న బాలుడు, అప్పు ఎగవేసే అలవాటును విడిచిన వ్యాపారి ‘కొత్త పుట’ తిప్పినవారు అవుతారు. తెలుగులో ‘బుద్ధి తెచ్చుకున్నాడు’, ‘దారికి వచ్చాడు’ అనే మాటలు దీనికి దగ్గరగా ఉంటాయి.

వాన వెలిసి ఎండ కాస్తే ఈ జాతీయం పనికిరాదు. ఉద్యోగికి బదిలీ అయినా, కుటుంబం ఇల్లు మారినా పనికిరాదు. 2016 అక్టోబరు 11న జహీరాబాద్‌ మెదక్‌ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఇది పాలనాపరమైన మార్పు మాత్రమే. ‘జహీరాబాద్‌ టర్న్‌డ్‌ ఓవర్‌ ఎ న్యూ లీఫ్‌’ అని రాస్తే, అంతవరకు ఆ పట్టణం ఏదో చెడుదారిలో నడిచిందన్న అర్థం వస్తుంది.

కర్మాగారంలో కొలువుకు దరఖాస్తు రాసే యువకుడు ‘ఐ వాంట్‌ టు టర్న్‌ ఓవర్‌ ఎ న్యూ లీఫ్‌ ఇన్‌ యువర్‌ కంపెనీ’ అని రాశాడనుకుందాం. కొత్త జీవితం ప్రారంభిస్తానని చెప్పడమే అతడి ఉద్దేశం. చదివే అధికారికి మాత్రం ‘ఇతడు ఇంతకుముందు ఏం చేశాడు?’ అన్న సందేహం కలుగుతుంది. అక్కడ ‘ఐ వాంట్‌ టు స్టార్ట్‌ మై కెరీర్‌ ఇన్‌ యువర్‌ కంపెనీ’ అని సూటిగా రాయడమే క్షేమం.

వాక్యంలో కూర్పు

కాలాన్ని బట్టి క్రియ మారుతుంది. మిగిలిన మాటలు మారవు. ‘ఆఫ్టర్‌ ది వార్నింగ్‌, ది బాయ్‌ టర్న్‌డ్‌ ఓవర్‌ ఎ న్యూ లీఫ్‌’ అన్నది భూతకాల వాక్యం. ‘హీ హాజ్‌ టర్న్‌డ్‌ ఓవర్‌ ఎ న్యూ లీఫ్‌ సిన్స్‌ హిజ్‌ మ్యారేజ్‌’ అంటే, పెళ్లినాటి నుంచి బుద్ధిగా ఉంటున్నాడని భావం. ‘ఐ విల్‌ టర్న్‌ ఓవర్‌ ఎ న్యూ లీఫ్‌ ఫ్రమ్‌ టుమారో’ అన్నది సంకల్పం.

కర్త బహువచనమైనా ‘లీఫ్‌’ ఏకవచనంలోనే ఉంటుంది. ‘ద బ్రదర్స్‌ హ్యావ్‌ టర్న్‌డ్‌ ఓవర్‌ ఎ న్యూ లీఫ్‌’ అనాలే తప్ప ‘న్యూ లీవ్స్‌’ అనకూడదు. ‘ఎ’ స్థానంలో ‘మై’, ‘హిజ్‌’ వంటి మాటలను చేర్చడం కూడా సరికాదు. పుటను ఎవరికి వారే తిప్పుకోవాలి గనుక, ఒకరు మరొకరిని మార్చారని చెప్పేందుకు ఇది పనికిరాదు. ‘గురువు శిష్యుణ్ని దారికి తెచ్చాడు’ అనే వాక్యానికి వేరే మాటలు వెతుక్కోవాలి.

దీనికి దగ్గరగా కనిపించే ఇతర జాతీయాలతోనూ జాగ్రత్త అవసరం. పొలం అమ్మాలనుకున్న రైతు మనసు మార్చుకుంటే అది ‘చేంజ్‌ ఆఫ్‌ హార్ట్‌’. అందులో తప్పొప్పుల ప్రసక్తి ఉండనక్కరలేదు. దేశాల్లో వీచే రాజకీయ మార్పు ‘విండ్‌ ఆఫ్‌ చేంజ్‌’. బ్రిటన్‌ ప్రధాని హెరాల్డ్‌ మాక్మిలన్‌ 1960 ఫిబ్రవరి 3న దక్షిణాఫ్రికా పార్లమెంటులో చేసిన ప్రసంగంతో ఇది ప్రపంచమంతటా ప్రచారం పొందింది. ఎన్నటికీ మారని వారి గురించి చెప్పేటప్పుడు ‘ఎ లెపర్డ్‌ కెనాట్‌ చేంజ్‌ ఇట్స్‌ స్పాట్స్‌’ అంటారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్న మన సామెత దీనికి సరిజోడు.

పాత పంటలకు ఏ మాట?

జాతీయాన్ని తప్పుగా వాడితే మనిషి గౌరవానికే భంగం కలగవచ్చు. ఈ ప్రాంతంలోని పస్తాపూర్‌ కేంద్రంగా 1983 నుంచి దక్కన్‌ డెవలప్‌మెంట్‌ సొసైటీ పనిచేస్తోంది. దాని సంఘాల్లోని పేద మహిళలు, ముఖ్యంగా దళిత మహిళలు, జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదల వంటి పంటలను, వాటి విత్తనాలను కాపాడుకొచ్చారు. సొసైటీ ఏటా నిర్వహిస్తూ వచ్చిన విత్తన పండుగ పేరే ‘పాత పంటల జాతర’. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్‌ బహుమతిని ప్రకటించింది.

ఈ మహిళల గురించి ‘దే టర్న్‌డ్‌ ఓవర్‌ ఎ న్యూ లీఫ్‌’ అని రాస్తే అది ప్రశంస కాదు, అపవాదు. వారు వదిలించుకోవలసిన చెడు నడత ఏదీ లేదు. లోకం వదిలేసిన దాన్ని వారు పట్టుకుని నిలిచారు. ఈ పంటలను ‘ముతక ధాన్యాలు’గా వ్యవహరించిన కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో వాటిని ‘పోషక ధాన్యాలు’గా నోటిఫై చేసింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. పుట తిప్పినవారెవరని అడిగితే, వరి, గోధుమలకే పెద్దపీట వేసిన ప్రణాళికాకర్తల పేరు చెప్పడం సబబు. పొలంలోని మహిళను కర్తగా నిలిపితే వాక్యం వ్యాకరణానికి నిలిచినా సత్యానికి నిలవదు.

తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో దశలవారీగా ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పక్క తెలుగు, మరో పక్క ఆంగ్లం ఉన్న ద్విభాషా పుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. జాతీయాలకు మాత్రం ఎదుటి పుటలోని అర్థం చూసుకుంటే చాలదు. వాక్యం రాసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మారినది ఎవరు? మారకముందు వారి నడతలో దోషం ఉందా? రెండో ప్రశ్నకు ‘లేదు’ అన్న జవాబు వస్తే ఆ జాతీయాన్ని పక్కన పెట్టాలి.