పాలక్యానుపై కంటికి కనిపించని పొర

సముద్రతీర గ్రామాల సంఘాలలో తనిఖీకి వచ్చినప్పుడు మేము ముందుగా క్యాను లోపల వేలితో తడిమి చూస్తాము. అల్యూమినియంకు గాలి తగలగానే దానిపై ఆక్సైడు పొర దానంతటదే ఏర్పడుతుంది. మిల్లీమీటరులో లక్షవ వంతు మందమైనా లేని ఈ పొరే లోహానికి రక్ష. ఉప్పుగాలిలోని క్లోరైడు దానిని అక్కడక్కడ ఛేదించి గుంటలు చేస్తుంది. కాస్టిక్ సోడా కరిగించివేస్తుంది. గుంటలలో నిలిచిన పాలజిడ్డులో సూక్ష్మజీవులు పెరిగి మరుసటి పూట పాలు విరుగుతాయి. నష్టం సభ్యులదే.

హైదరాబాదు బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధనా సంస్థ, విద్యుత్తు సాయంతో ఈ ఆక్సైడు పొరనే మందంగా, గట్టిగా పెంచే విధానాన్ని రూపొందించింది. మన క్యానుకు ఉన్నది పలుచని సహజపొర మాత్రమే. కనుక ఇసుకతో తోమరాదు. పాలు పోసిన వెంటనే మంచినీటితో కడిగి, బోర్లించి ఆరనివ్వాలి.