మామిడి ధర ఫోన్‌లో చూస్తే సరిపోతుందా?



మనలో చాలామందికి ఇంటి దగ్గర నాలుగు మామిడి చెట్లయినా ఉన్నాయి. కాయ తెంపుడు, డీసీఎంలో ఎక్కించుడు మనకు కొత్త కాదు. కానీ ఆ కాయ పట్నం పోయినంక ధర ఎవరు కడతారు? సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు వచ్చి అందులో ఏం మార్చినయి? మా చిన్నాయనతో మార్కెట్‌కు పోయి చూసింది, సార్లను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

మా తండాలో పెద్దవాళ్లు ఇప్పటికీ "కొత్తపేట మార్కెట్" అనే అంటారు. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే దారిలో ఉండేది. అసలు పేరు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్. 1986లో జాంబాగ్ నుంచి అక్కడికి వచ్చింది. కొల్లాపూర్ మామిడి, నల్లగొండ బత్తాయి, పాలమూరు సీతాఫలం అన్నీ అక్కడికే చేరేవి. 2021లో దాన్ని మూసి, విజయవాడ రోడ్డు మీద బాటసింగారానికి మార్చారు. పాత జాగాను పెద్దాసుపత్రికి కేటాయించి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు.

మేము పోయింది బాటసింగారానికి. కాయ కుప్ప పోశారు. కొనేవాళ్లు చుట్టూ నిలబడ్డారు. ఆడ్తిదారు పాట పాడాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత కాంటా, ఆ తర్వాత తక్‌పట్టీ చేతికిచ్చారు.

దీన్ని మార్చాలనే కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న "ఈ-నామ్" మొదలుపెట్టింది. అంటే కంప్యూటర్‌లో వేలం. ఇప్పుడు దేశంలో 1,300కు పైగా మార్కెట్లు ఇందులో ఉన్నాయి. నిజామాబాద్‌లో పసుపు ఇట్లనే అమ్ముతారు. గేటు దగ్గర రైతు పేరు, సరుకు రాసుకొని లాట్ నంబరు ఇస్తారు. వ్యాపారులు సరుకు చూసుకొని, ఎవరి ధర వాళ్లు కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో వేస్తారు. ఒకరు వేసింది ఇంకొకరికి కనబడదు. గడువు అయినంక ఎక్కువ వేసినవాళ్లకు సరుకు పోతుంది.

మరి మామిడికి ఇది సులువేనా? కాదు. ఎండు పసుపు ధర నచ్చకపోతే ఆగుతుంది. మామిడి ఆగదు, ఎండకు మెత్తబడుతుంది. పైగా ఒక్క కుప్పలోనే పెద్దకాయ, చిన్నకాయ, మచ్చకాయ ఉంటాయి. వాటిని వేరుచేసి గ్రేడు కట్టకుండా దూరాన ఉన్న వ్యాపారి నమ్మి ధర వేయడు.

అయినా ఫోన్‌తో లాభం ఉంది. ప్రభుత్వ "అగ్‌మార్క్‌నెట్"లో మార్కెట్లవారీగా రోజు ధర పెడతారు. కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు పోయిన ధర అని మూడుంటాయి. గరిష్ఠం చూసి సంబరపడొద్దు. అది మేలైన కాయకు పడ్డ ధర. చేతికొచ్చేది వేరే.

ఒక లెక్క చేద్దాం. అంకెలు ఉదాహరణకే. ధర క్వింటాలుకు 3,000, కాయ 20 క్వింటాళ్లు. మొత్తం 60,000. తరుగు క్వింటాలుకు 5 కిలోలు తీస్తే 3,000 పోయింది. మిగిలిన 57,000 మీద కమీషన్ నూటికి 4 చొప్పున 2,280. బండి కిరాయి 6,000, హమాలీ 1,000. చేతికి 47,720. అంటే క్వింటాలుకు 2,386 మాత్రమే!

ఇంకో మెలిక ఉంది. పూతకు మందు కొట్టడానికి మా చిన్నాయన ఒక ఆడ్తిదారు దగ్గర అప్పు తెచ్చాడు. వేరే మార్కెట్‌లో ధర ఎక్కువుందని ఫోన్‌లో కనబడింది. కానీ కాయ అప్పు ఇచ్చినాయన దగ్గరికే పోవాలి! ఫోన్ ధర చెబుతుంది గానీ అప్పు తీర్చదు కదా. సంఘంగా కలిసి బ్యాంకు అప్పు తెచ్చుకుంటే, అప్పుడు ఆ ధర మనకు పనికొస్తుంది.

అందుకని మిత్రులారా, ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు అడగండి. కాయ తెంపకముందే రెండు మార్కెట్ల ధర చూశారా? గ్రేడు వేరుచేశారా? తక్‌పట్టీలో తరుగు, కమీషన్ ఎంత రాశారు? పాత తక్‌పట్టీలుంటే తెమ్మనండి. లెక్కల సార్‌ను అడిగి స్టడీ అవర్‌లో అందరం కలిసి చూద్దాం.