సైకిల్ మీద కొండ దాకా, కాలినడకన కొండ పైకి

ఎవరెస్ట్ ఎక్కినవాళ్ళు వేలల్లో ఉన్నారు. కానీ స్వదేశంలో సైకిలెక్కి, తొక్కుకుంటూ హిమాలయాల దాకా వెళ్ళి, ఆ తరువాత ఎవరెస్ట్ ఎక్కిన గోరాన్ క్రాప్ గురించి మన పిల్లలు తెలుసుకోవాలి. స్వీడన్‌కు చెందిన ఈయన 1995 అక్టోబరులో స్టాక్‌హోమ్‌లో బయలుదేరారు. 108 కిలోల సామానుతో సుమారు 13,000 కిలోమీటర్లు ప్రయాణించి, 1996 ఏప్రిల్‌లో బేస్ క్యాంప్ చేరారు.

మే 3న శిఖరం ఇంకా 100 మీటర్లు ఉందనగా ఆయన వెనక్కి తిరిగారు. అప్పటికే పొద్దు బాగా పోయింది. ముందుకు వెళితే చీకట్లో దిగాలి. మరో వారానికి, మే 10న వచ్చిన తుఫానులో చిక్కుకుని ఎనిమిది మంది చనిపోయారు. క్రాప్ మాత్రం మే 23న, ఆక్సిజన్ సిలిండర్ లేకుండానే శిఖరం చేరారు. ఇంటికి తిరుగు ప్రయాణంలోనూ కొంత దూరం సైకిల్ తొక్కారు.

సైకిల్, కొండ రెండూ కలిసిన రోజున ఈ తిరుగు లెక్క మరీ ముఖ్యం. సైకిల్ తొక్కితే గుండెకు, ఊపిరితిత్తులకు దమ్ము వస్తుంది. కానీ కొండ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బ్రేకు వేసినట్టు శరీరాన్ని ఆపాలి. ఆ అలవాటు సైకిల్ వల్ల రాదు. అందుకే ఎక్కేటప్పుడు హుషారుగా ఉన్న పిల్లల కాళ్ళు దిగేటప్పుడు వణుకుతాయి. ఆ కాళ్ళతోనే మళ్ళీ సైకిల్ తొక్కాలి కదా!

ఉదాహరణకు మేరీలాండ్‌లో పాత సీ అండ్ ఓ కాలువ గట్టు మీద బ్రన్స్‌విక్ నుంచి హార్పర్స్ ఫెర్రీ వైపు సుమారు ఆరు మైళ్ళు. అక్కడ సైకిళ్ళకు తాళం వేసి, మేరీలాండ్ హైట్స్ కొండెక్కితే పొటోమాక్, షెనండోవా నదుల సంగమం కనిపిస్తుంది. కొండ మీదికి రానూపోనూ సుమారు నాలుగున్నర మైళ్ళ నడక. నవంబరులో గడియారం వెనక్కి జరిపాక ఐదింటికే చీకటి పడుతుంది. కాబట్టి మూడున్నరకల్లా సైకిళ్ళ దగ్గర ఉండాలి. అంటే కొండ మీద ఎక్కడున్నా రెండింటికి వెనుదిరగాలి.

ఆ వేళను బయలుదేరే ముందే పిల్లల చేత కాగితం మీద రాయించండి. రెండయ్యేసరికి "ఇంకొక్క మలుపే నాన్నా!" అని వాళ్ళు బతిమాలినా సరే, ఆ కాగితం చూపించి కిందికి దింపండి. దారిలో క్రాప్ కథ చెప్పండి.