డబ్బుతోపాటు రక్తం ఎందుకు అడుగుతున్నాం?

గుండె ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ పథకం భరిస్తోంది కదా, మళ్లీ రక్తం ఎందుకు అడుగుతున్నారని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దాతలు మమ్మల్ని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆపరేషన్ గదిలోని యంత్రంలో ఉంది.

గుండె లోపలి రంధ్రం మూయాలంటే సాధారణంగా గుండెను కాసేపు ఆపాలి. అంతసేపూ ఒంటికి రక్తం అందించేది హార్ట్-లంగ్ మెషీన్. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ దీని సాయంతో 18 ఏళ్ల యువతి గుండెలోని రంధ్రాన్ని విజయవంతంగా మూశారు. గుండెకు చేరే చెడు రక్తాన్ని గొట్టాలు బయటికి తెస్తాయి. ఆక్సిజనేటర్ దానికి ప్రాణవాయువు ఎక్కిస్తుంది. పంపు తిరిగి బృహద్ధమనిలోకి తోస్తుంది. ఒంట్లోకి దూర్చే గొట్టాన్ని కాన్యులా అంటారు.

దీన్ని తయారుచేసేవారి కష్టమంతా లావు, సన్నాల దగ్గరే. లావుగా ఉంటే ధమనికి పెద్ద కోత పడుతుంది. సన్నగా ఉంటే రక్తం జోరుగా చిమ్ముతుంది. గండికోట దగ్గర పెన్నను చూసినవారికి ఇది వేరే చెప్పాలా? వరదకు కొండల ఇరుకులో ఉరికిన నీరే మైలవరం జలాశయంలో పరుచుకుని నెమ్మదిస్తుంది. ఆ జోరు ధార పెద్దవారి ధమని గోడకు పేరుకున్న పూడికను ఊడగొడితే, అది మెదడుకు చేరి పక్షవాతం తేవచ్చు. అందుకే కొన్ని కాన్యులాల కొనకు పక్కల రంధ్రాలు పెడతారు. గోడ పలచగా ఉన్నా గొట్టం మడత పడకుండా లోపల సన్నని తీగ చుట్టిస్తారు.

పసిపిల్లల దగ్గర చిక్కు వేరు. రక్తంలోకి గాలి బుడగ పోకుండా యంత్రాన్నీ గొట్టాలనూ ముందే ద్రవంతో నింపాలి. పెద్దలకు చాలాసార్లు సెలైన్ వంటి ద్రవం సరిపోతుంది. పది కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమే సుమారు 800 మిల్లీలీటర్లు. దానికి అంత ద్రవం కలిస్తే రక్తం పలచబడి, ప్రాణవాయువు మోసే శక్తి తగ్గిపోతుంది. గొట్టాలను పొట్టిగా, సన్నగా చేసి, ఆక్సిజనేటర్‌ను చిన్నది చేసి ఆ ద్రవాన్ని తగ్గిస్తూ వస్తున్నారు. అయినా చిన్నబిడ్డలకు యంత్రంలో దాత రక్తం పోయాల్సిన అవసరం పూర్తిగా తీరలేదు.

2021లో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచాక మనకు వైద్యం దగ్గరైంది. ప్రయాణానికీ బసకూ మీ సదకా ఆదుకుంటుంది. రక్తానికి మాత్రం మనిషే రావాలి. 18 నుంచి 65 ఏళ్లలోపు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి. ఈసారి చందా రాయించేటప్పుడు మా దగ్గరుండే రసీదు సగం వెనక మీ బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు కూడా రాయండి.