మొలలోని మడత చాకు



ఈనాడు మనం మాట్లాడుకోబోయే వస్తువు చాలా చిన్నది. నాగలి కాదు, పంపు కాదు, ట్రాక్టరు అసలే కాదు. మీ పంచె మడతలోనో, చొక్కా జేబులోనో పడి ఉండే మడత చాకు. దానిని కొన్ననాడు ఒకసారి చూస్తాం, పోయిననాడు మరొకసారి తలచుకుంటాం. మధ్యలో అది చేసే చాకిరీని లెక్కపెట్టేవారు లేరు.

పొద్దున లేచినది మొదలు చూడండి. ఎరువు బస్తా కుట్టు విప్పాలంటే చాకు. దూడ మెడలో పలుపు బిగుసుకుంటే చాకు. డ్రిప్పు గొట్టం పగిలితే సమంగా కోసి అతకడానికి అదే. మధ్యాహ్నం గట్టుమీద కూర్చుని సద్దిలోకి ఉల్లిపాయ చీల్చేది అదే. సాయంకాలం రచ్చబండ మీద మాటల మధ్య చెరకు ముక్క చెక్కి మనవడి చేతిలో పెట్టేదీ అదే. ఇంతటి పనిమంతునికి మనం చేసే సేవ ఏమిటంటే, పని కాగానే ఒకసారి పంచెకు రాసి మడిచి లోపల వేసుకోవడం! అంతటితో సరి.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. పలుపు కోసిన చాకే పండు కోస్తుంది. ఒక చెట్టును కోసిన చాకే ఇంకొక చెట్టును కోస్తుంది. ఒకచోటి మురికిని మరొకచోటికి మోసేదీ అదే. కావున చాకు పదునుగా ఉంటే పనికి మేలు, శుభ్రంగా ఉంటే తోటకూ ఒంటికీ మేలు. ఈ రెండు మాటలే ఈనాటి మన ప్రసంగం.

చాకులవారి కబుర్లు

ఫ్రాన్సులో, అమెరికాలో, జపానులో కూడ పాతకాలపు మడత చాకులంటే ముచ్చటపడేవారు ఉన్నారు. వీరు తగవులకు కత్తి పట్టే మనుష్యులు కారు. తాత జేబులో తిరిగిన చాకును తామూ జేబులో వేసుకుని తిరిగే తరహావారు. నలుగురు చేరితే మొదటి మాట చాకు మీదనే: ఇవాళ నీ జేబులో ఏది ఉన్నదని. రెండో మాటకే చాకు పక్కకు పోతుంది. వాన పడిందా, కుక్కకు జబ్బు నయమైందా, తోటలో ఏమి కాసింది, మనవరాలు ఎట్లా చదువుతున్నది, ఇవే కబుర్లు. మన రచ్చబండ తీరు కూడ ఇదే గదా!

ఇవి పొద్దుపోని మాటలని తీసివేయకండి. ఈ చాకులన్నీ సేద్యగాండ్ర, పశువుల కాపరుల అవసరాన్ని బట్టి పుట్టినవే. ఫ్రాన్సులోని లాయోల్ అనే ఊరి చాకుకు 19వ శతాబ్దంలో ఒక సన్నని పోటుముల్లు చేర్చారు. తోలు పట్టెలకు బెజ్జం పొడవడానికీ, కడుపు ఉబ్బిన పశువుకు గాలి తీయడానికీ అక్కడి కాపరులు దానిని వాడేవారు. అదే దేశంలో సవోయ్ కొండసీమలో జోసెఫ్ ఒపినెల్ 1890లో కర్రపిడి చాకును తయారుచేశాడు. 1955లో దాని మెడకు తిప్పితే బిగిసే ఉక్కు కంకణం అమర్చారు. అందువల్ల కోసేటప్పుడు అలుగు ముడుచుకుని వేళ్లమీద పడడం తప్పింది. అమెరికాలో పశువుల పెంపకందార్లకని మూడు అలుగుల చాకు వచ్చింది. అందులో ఒకటి కోడెలకు విత్తులు తీయడానికి. పొరపాటున పశువు ఒంట్లో గుచ్చుకోకుండా దాని మొన మొద్దుగా ఉంచారు. చూశారా! ఏ దేశపు రైతైనా తన పనినిబట్టే చాకును కోరుకున్నాడు.

నల్లబడిన చాకు, మెరిసే చాకు

మన ఊళ్లలోనూ ఇటువంటి మాటలు వినబడుతూనే ఉంటాయి.

“ఏం బావా, నీ చాకు తుప్పు పట్టినట్టుందే?”

“తుప్పు కాదు బావా, మామిడికాయ పులుపుకు నల్లబడింది. నీది మెరుస్తున్నది సరే, తెగుతుందా?”

“తెగకేం! కాకపోతే నెలకొకసారి సాన పట్టాలంటే చెయ్యి లాగేస్తుంది.”

ఇద్దరూ నిజమే చెప్పారు. మొదటివారిది మామూలు కర్బనపు ఉక్కు. త్వరగా పదునెక్కుతుంది, సన్నని వాదర నిలుస్తుంది. కాని తడి, పులుపు తగిలితే నల్లబడుతుంది. ఆ నలుపు వల్ల హాని లేదు. గరుకుగా ఎర్రని పొడి రాలితే మాత్రం అది తుప్పు, దానిని వెంటనే తీయాలి. రెండోవారిది తుప్పు పట్టని ఉక్కు, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు. చెమటకు, తడికి ఓర్చుకుంటుంది గాని సాధారణంగా సాన పట్టడానికి ఎక్కువసేపు పడుతుంది. తడి పనులు ఎక్కువగా ఉన్నవారికి రెండోది, పని కాగానే తుడిచి నూనె రాసే ఓపిక ఉన్నవారికి మొదటిది మంచిది. ఉక్కు సంగతి మనకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మూసలలో కరిగించి తీసిన ఉక్కుకు ఒకప్పుడు దూరదేశాల్లో గిరాకీ ఉండేది.

పదును పెట్టడం ఎట్లా?

మొద్దుబారిన చాకు ప్రమాదం లేనిదని కొందరనుకుంటారు. అది పొరపాటు. మొద్దు చాకును బలంగా నొక్కాలి. నొక్కితే జారుతుంది. జారితే మన చెయ్యే తెగుతుంది.

సానరాయిని నీటితో తడపండి. చాకు వెన్నును రాతినుంచి ఇంచుమించు 20 డిగ్రీలు లేపి పట్టండి. అంటే నిట్టనిలువులో నాలుగోవంతుకు కాస్త తక్కువ. రాతిమీద పలుచని పొర కోస్తున్నట్టుగా వాదర ముందుకు పోయేటట్లు తోయండి. వాదర అవతలివైపు సన్నని గరుకు వేలికి తగిలేదాకా ఒక వైపు, పిమ్మట అన్నిసార్లే రెండో వైపు. చివరకు పాత తోలు పటకా మీద వెన్ను ముందుగా నాలుగైదుసార్లు లాగితే ఆ గరుకు పోతుంది. పదును చూడడానికి కాగితం కోయండి, బొటనవేలిని కోసుకోకండి. కరెంటు సానచక్రం మీద పెట్టేటప్పుడు జాగ్రత్త. వేడికి వాదర నీలిరంగు తిరిగిందంటే ఉక్కు పస పోయిందన్నమాట. ఇక పదును నిలవదు.

కీలులో మట్టి చేరితే చాకు బిగుసుకుంటుంది. పుల్లతో మట్టి తీసి, ఒక చుక్క నూనె వేయండి.

అంటుకత్తి వేరు, చాకు వేరు

బత్తాయి, మామిడి అంట్లు కట్టేవారికి ఒక ముఖ్యమైన మాట. అంటుకత్తికి సాధారణంగా ఒక వైపే సాన ఉంటుంది. అందువల్ల కోత బల్లపరుపుగా వస్తుంది, రెండు కోతలు గాలి చొరకుండా ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండు వైపులా సాన ఉన్న చాకుతో కోస్తే కోత వంపు తిరిగి మధ్యలో సందు మిగులుతుంది, అంటు ఎండిపోతుంది. ఎడమచేతి వాటం ఉన్నవారు తమ చేతికి తగిన సాన అడిగి తీసుకోవాలి. అంటుకత్తితో బస్తాలు, గొట్టాలు కోయకండి. దానికి అంటు కట్టడమొక్కటే పని.

చాకు మోసుకుపోయే తెగులు

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. నల్లగొండవారు బత్తాయి అన్నా, అనంతపురంవారు చీనీ అన్నా చెట్టు ఒకటే. ఈ చెట్లకు ఎక్సోకార్టిస్ అనే తెగులు ఉన్నది. దీనికి కారణం వైరస్ కంటె కూడ చిన్నదైన వైరాయిడ్ అనే పదార్థం. ఇటువంటిది ఒకటి లోకంలో ఉన్నదని శాస్త్రజ్ఞులకు తెలిసిందే 1971లో.

ఈ తెగులు మనలను మోసం చేసే తీరు చూడండి. జంబేరి వేరుమూలం దీనిని తట్టుకుంటుంది. దానిమీద కట్టిన చెట్టు లోపల తెగులు పెట్టుకుని కూడ పైకి పచ్చగా కనబడవచ్చు. మీరు ఆ చెట్టునుంచి కన్ను తీస్తారు, లేదా దాని కొమ్మ కత్తిరిస్తారు. అదే కత్తితో రంగపూరు నిమ్మ వేరుమూలం మీద అంటు కడతారు. రంగపూరు నిమ్మ దీనిని తట్టుకోలేదు. అంటు బ్రతుకుతుంది, నాటుతారు, నీళ్లు పెడతారు. కొన్నేళ్లు గడిచాక మొదట్లో బెరడు పగిలి పొలుసులుగా లేస్తుంది, చెట్టు గిడసబారుతుంది. అప్పుడు మందు లేదు. తప్పు నేలదనీ, నీటిదనీ అనుకుంటాం. జేబులోని కత్తిని ఎవరూ అనుమానించరు!

కత్తిని మంటలో చూపితే చాలునని కొందరు, స్పిరిటుతో తుడిస్తే చాలునని కొందరు అంటారు. ఈ వైరాయిడ్ వేడికి బాగా ఓర్చుకుంటుంది, స్పిరిటుకు చావదు. దీనిని చంపేది సోడియం హైపోక్లోరైట్, అంటే బట్టలు తెల్లబరచే బ్లీచి నీరు. 5 శాతం గాఢత గల బ్లీచి 1 పాలుకు 4 పాళ్లు మంచినీరు కలిపితే 1 శాతం ద్రావణం అవుతుంది. కత్తికి అంటిన జిగురు ముందు తుడిచి, ద్రావణంలో ముంచి, మంచినీటితో కడిగి తుడవండి. చెట్టు మారినప్పుడల్లా ఇట్లా చేయాలి. రెండు కత్తులు ఉంచుకుంటే ఒకటి శుద్ధి అవుతుండగా రెండోదానితో పని సాగుతుంది. ద్రావణం ఏ రోజుకారోజు కొత్తగా కలపండి. ఇది ఉక్కును తింటుంది గనుక సాయంకాలం బాగా కడిగి, ఆరబెట్టి, నూనె రాయడం మరువకండి. బ్లీచిలో ఆమ్లాలు కలపరాదు, విషవాయువు పుడుతుంది.

కత్తి శుద్ధితోనే అంతా అయిపోదు. ఆరోగ్యవంతమైనదని పరీక్షలో తేలిన తల్లిచెట్టునుంచే కన్ను తీయాలి. మొక్కలు కొనేవారు నర్సరీలో రెండు ప్రశ్నలు అడగండి: కన్ను ఏ చెట్టుది, కత్తిని దేనిలో ముంచుతున్నారు?

చెరకు రైతులకూ ఈ మాట వర్తిస్తుంది. కార్శి పంటను గిడసబార్చే తెగులొకటి 1940లలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో బయటపడింది. ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చేది. పైకి గట్టి గుర్తు ఉండదు, గడలు పొట్టిపడి దిగుబడి తగ్గుతుంది. ఇది ముఖ్యంగా ముచ్చెలు కోసే కత్తి ద్వారా పాకుతుంది. విత్తనపు చెరకును 50 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో 2 గంటలు ఉంచడం దీనికి వాడుకలో ఉన్న శుద్ధి. శుద్ధిచేసిన విత్తనాన్ని మళ్లీ మురికి కత్తితో నరికితే శ్రమంతా వృథా.

చేతికి తెగితే

మామూలు మడత చాకుకు బిగింపు ఉండదు, వెనుక స్ప్రింగు మాత్రమే ఆపుతుంది. దానితో పొడవకండి, మర తిప్పకండి. కోత ఎప్పుడూ ఒంటికి అవతలివైపు సాగాలి.

తెగిందనుకోండి. పేడగాని, మట్టిగాని, సున్నంగాని పెట్టకండి. ధనుర్వాతపు బీజాలు ఉండేవి మట్టిలో, పేడలోనే. తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందనే మాటలో సగమే నిజం. జబ్బు తెచ్చేది తుప్పు కాదు, కత్తికి అంటిన మట్టిలోని బీజాలు. లోతైన గాయంలో అవి పెరుగుతాయి. పురిటిబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం 2015 నాటికి ప్రజారోగ్య సమస్యగా లేకుండ చేసుకున్నది. టీకా, శుభ్రమైన పురుడు, బొడ్డు కోసే శుభ్రమైన సాధనం ఆ పని చేశాయి. కాని నేలలోని బీజాలు నేలలోనే ఉన్నాయి. గాయాన్ని సబ్బుతో, పారే నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఆసుపత్రికి పోయి టీకా ఎప్పుడు వేయించుకున్నదీ చెప్పండి.

ఇక పశువు కడుపు ఉబ్బితే లాయోల్ కాపరి సంగతి విన్నాం గదా అని జేబు చాకు తీయకండి. ఆ పనికి వేరే సాధనం, వేరే నేర్పు ఉన్నాయి. చోటు తప్పినా, కత్తి మురికైనా పశువు దక్కదు. వెంటనే పశువైద్యుని పిలవండి.

విస్తరణ కార్యకర్తలకు

మీకొక మనవి. ఈ విషయం సభ పెట్టి చెబితే సగంమంది కునుకు తీస్తారు. సాయంకాలం అరుగుమీద కూర్చోండి. “తాతా, మీ చాకు ఒకసారి చూడనిస్తారా?” అని అడగండి. ఆయన తీసి ఇస్తాడు, దాని చరిత్ర చెబుతాడు. పక్కవారు తమవీ తీస్తారు. ఒక మొద్దు చాకుతో, ఒక పదును చాకుతో నిమ్మకొమ్మను కోసి రెండు కోతలూ పక్కపక్కన చూపండి. బ్లీచి నీరు అక్కడే కలిపి చూపండి. వాన సంగతి, పెళ్లి సంగతి మధ్యలో వస్తే రానివ్వండి. మాటల్లో పడిన విషయం మనసులో నిలుస్తుంది.

సోదరులారా! చాకును తండ్రి చేతినుంచి కొడుకు అందుకోవడం మంచి ఆచారమే. దానితోపాటు ఒక సానరాయి, ఒక నూనె గుడ్డ, చెట్టుకూ చెట్టుకూ మధ్య కత్తి కడిగే అలవాటు కూడ అందించండి. ఈ రాత్రి పడుకోబోయేముందు మీ చాకు తెరిచి దీపం ముందు పెట్టి చూడండి. ఏమి చేయాలో అదే చెబుతుంది.